అమ్మాయిల కాలేజీకి పంపాలా, రట్గర్స్‌లో చేర్చాలా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. మా పెద్దమ్మాయి ఈ ఏడాది హైస్కూల్ పూర్తి చేస్తోంది. ఇక్కడి రాష్ట్ర విశ్వవిద్యాలయం రట్గర్స్‌లో సీటు వచ్చింది. ఫిలడెల్ఫియా పక్కనున్న బ్రిన్ మార్ అనే అమ్మాయిల కాలేజీలో కూడా వచ్చింది. తనకు కంప్యూటర్ సైన్స్, భాషాశాస్త్రం రెండూ ఇష్టం. బ్రిన్ మార్‌కే వెళ్తానంటోంది. మావారేమో "ఆ పేరు ఎవరికి తెలుసు? లిబరల్ ఆర్ట్స్ చదివితే ఉద్యోగం ఎవరిస్తారు?" అంటున్నారు. ఎయిడ్ (కాలేజీ ఇచ్చే ఆర్థిక సాయం) పోగా అక్కడ మేము ఏడాదికి 46 వేల డాలర్లు కట్టాలి. రట్గర్స్‌లో ఫీజూ, ఉండటానికీ తిండికీ అయ్యేదీ అంతా కలిపి 36 వేలు. వెనక తొమ్మిదో క్లాసు చదువుతున్న బాబు ఉన్నాడు. నా భయం వేరు. నేను గుంటూరులో మహిళా కాలేజీలో చదివాను. గేటు దాటాలంటే చీటీ కావాలి, బంధువులొస్తే వార్డెన్ ముందే మాట్లాడాలి. మూడేళ్లు లోకం తెలియకుండా గడిచిపోయాయి. ఇంత దూరం వచ్చి నా కూతురు మళ్లీ అదే చదువు చదవాలా? మగపిల్లలతో కలిసి పని చెయ్యడం ఎప్పుడు నేర్చుకుంటుంది? స్కూల్లో రోబోటిక్స్ క్లబ్‌లో రెండేళ్లు ఉండి మానేసింది. ఎందుకే అంటే "ఎప్పుడూ నాకు పోస్టర్ పనే ఇస్తారు" అంది. మా అత్తగారు మాత్రం "ఆడపిల్లల కాలేజీ అయితే మనకు భయముండదు, పంపండి" అంటున్నారు. మే 1 లోపు డిపాజిట్ కట్టాలి. ఏం చెయ్యమంటారు?

జవాబు:

అమ్మా, రోబోటిక్స్ క్లబ్ గురించి మీరు రాసిన వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. దాని సంగతికి వస్తాను. ముందు మీ గుంటూరు భయం తేల్చుకుందాం. అది మనసులో మెదులుతూ ఉంటే మిగతావేవీ చెవికెక్కవు.

మన ఊళ్లలో మహిళా కాలేజీలు పెట్టినవాళ్లు ముందుగా ఒప్పించాల్సింది తండ్రులను. మగపిల్లల మధ్య కూర్చోవాలంటే ఇంట్లో పంపరు. అందుకని గోడ, గేటు, వార్డెన్, సంతకాల పుస్తకం అన్నీ పెట్టి, "మీ పిల్ల భద్రం" అని మాటిచ్చి చదువు చెప్పారు. ఆ ఏర్పాటు లేకపోతే మన ముందు తరంలో చాలామంది ఇంటరు దగ్గరే ఆగిపోయేవాళ్లు. దాన్ని నేను తక్కువ చెయ్యను. ఆ గోడ లోపల ఊపిరాడలేదన్న మీ మాటా నిజమే.

అమెరికాలో ఇది ఇంకోలా మొదలైంది. అక్కడ తలుపులు మూసింది కాలేజీలే. మేరీ లయన్ మసాచుసెట్స్‌లో మౌంట్ హోలియోక్‌ను ప్రారంభించిన 1837 నాటికి ఆడపిల్లలకు కాలేజీ చదువన్నది దాదాపు లేదు. ఎం. కేరీ థామస్ అనే ఆవిడ పైచదువుకు జాన్స్ హాప్కిన్స్‌లో చేరితే మగవాళ్ల సెమినార్లలో కూర్చోనివ్వలేదు. ఆవిడ యూరప్ వెళ్లిపోయి 1882లో జ్యూరిక్‌లో డాక్టరేట్ తెచ్చుకుంది. 1885లో బ్రిన్ మార్ తెరిచినప్పుడు మొదటి డీన్ ఆవిడే, తర్వాత ప్రెసిడెంట్ కూడా. మగపిల్లలకు చెప్పే చదువు ఎంత కఠినంగా ఉంటుందో అంత కఠినంగానూ, డాక్టరేట్ దాకానూ ఆడపిల్లలకు చెప్పాలన్నది ఆవిడ పట్టుదల. అదే మనిషి నల్లజాతి విద్యార్థినులనూ, యూదులనూ దూరం పెట్టింది. ఆ కాలేజీ నుంచి మొదటి నల్లజాతి అమ్మాయి పట్టా పుచ్చుకునేసరికి 1931 వచ్చింది. మంచితోపాటు ఇదీ తెలుసుకోవాలి.

ఇదంతా పాత కథ అనుకోకండి. మీవారు నమ్ముతున్న రట్గర్స్‌లో, మగపిల్లల విభాగంగా ఉన్న రట్గర్స్ కాలేజీ ఆడపిల్లలను చేర్చుకున్నది 1972లో. బ్రిన్ మార్ పక్కనే ఉన్న హేవర్‌ఫర్డ్ 1980లో, న్యూయార్క్‌లోని కొలంబియా కాలేజీ 1983లో. అప్పటికి మీరూ నేనూ పుట్టే ఉన్నాం.

ఆ తలుపులన్నీ తెరుచుకున్నాక చాలా మహిళా కాలేజీలు మగపిల్లలను చేర్చుకున్నాయి, కొన్ని మూతపడ్డాయి, కొన్ని పెద్ద విశ్వవిద్యాలయాల్లో కలిసిపోయాయి. 1960లలో రెండు వందలకు పైగా ఉండేవి, ఇప్పుడు ముప్పై చుట్టూ మిగిలాయి. ఎక్కడైనా చదివే వీలున్న ఈ రోజుల్లో కూడా ఇవి నిలబడ్డాయంటే, కోరి వచ్చే పిల్లలున్నారు కాబట్టే. మీ అమ్మాయి అలా కోరుకుంటున్న పిల్ల.

బ్రిన్ మార్‌లో చీటీలు రాసే వార్డెన్ ఉండదు. విద్యార్థినులు తమ నియమాలు తామే పెట్టుకునే సంఘం అక్కడ 1892 నుంచీ ఉంది. హానర్ కోడ్ అని, నిజాయితీగా నడుచుకుంటామని అందరూ ఒప్పుకునే నియమావళి ఒకటి ఉంటుంది. సెమిస్టర్ చివర చాలా పరీక్షలను ఏ రోజు, ఏ పూట రాయాలో పిల్లలే ఎంచుకుంటారు, పక్కన కాపలా ఎవరూ ఉండరు. మార్కుల గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోవడం కూడా అక్కడి ఆనవాయితీ. ఎంసెట్ ర్యాంకులు వీధిలో చెప్పుకుంటూ పెరిగిన మనకు వింతగా ఉంటుంది గానీ, పిల్లలకు అది పెద్ద ఊరట. శనివారం సాయంత్రం రైలెక్కి ఫిలడెల్ఫియా వెళ్తే అడిగేవాళ్లు లేరు. కాబట్టి మీరు భయపడుతున్న గోడ అక్కడ లేదు, మీ అత్తగారు నమ్ముకున్న గోడా లేదు. ఈ రెండో మాట ఆవిడకు ఇప్పుడే చెప్పండి. తాగుడు, పార్టీలు, ప్రేమలు, రాత్రి ఆలస్యంగా రావడం, వీటి విషయంలో మీ అమ్మాయికి ఎక్కడైనా తన బుద్ధే కాపలా. "భద్రంగా ఉంటుంది" అన్న ఒక్క కారణంతో మాత్రం ఆ కాలేజీకి పంపకండి.

మగపిల్లల సంగతి. మైలు దూరంలో హేవర్‌ఫర్డ్ ఉంది. రెండింటి మధ్యా కాలేజీ బస్సు రోజంతా తిరుగుతుంది. ఇక్కడి పిల్లలు అక్కడ క్లాసులు తీసుకుంటారు, కావాలంటే మేజర్ (ముఖ్య సబ్జెక్టు) కూడా అక్కడే చెయ్యవచ్చు. అక్కడివాళ్లు ఇక్కడికీ వస్తారు. స్వార్త్‌మోర్‌లోనూ, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోనూ కూడా క్లాసులు తీసుకునే వీలుంది. మీ అమ్మాయికి ఇష్టమైన భాషాశాస్త్రమైతే బ్రిన్ మార్, హేవర్‌ఫర్డ్, స్వార్త్‌మోర్ మూడూ కలిసి నడుపుతున్న విభాగం. అంటే ఆ క్లాసుల్లో మగపిల్లలు పక్కనే కూర్చుంటారు.

అయినా ఒక మాట అడుగుతాను. మీ అమ్మాయి కిండర్‌గార్టెన్ నుంచి మగపిల్లలతోనే చదివింది కదా. వాళ్లతో పని చెయ్యడం తనకు రాకపోవడమా అసలు సమస్య? రోబోటిక్స్ క్లబ్‌లో చేరింది, రెండేళ్లు ఓపిక పట్టింది, ప్రతిసారీ రంగు కాగితాలూ కత్తెరా చేతికొచ్చాయి, చివరికి మానేసింది. తనకు మోటార్లు బిగించడం చేతకాదని ఎవరూ నోటితో అని ఉండరు. కోడ్ రాసే కుర్చీలో అప్పటికే ఒక అబ్బాయి కూర్చుని ఉంటాడు, మిగిలిన పని తనకొస్తుంది. టీచరు మంచివాడే అయి ఉంటాడు, ఆ అబ్బాయీ మంచివాడే. అయినా రెండేళ్లలో తేలింది ఇదే. మీరు ఆఫీసులో పని చేస్తుంటే, మీటింగ్ మినిట్స్ ఎవరు రాస్తారో ఒకసారి గుర్తు చేసుకోండి.

మహిళా కాలేజీలో మారేది సరిగ్గా ఇక్కడ. ల్యాబ్‌లో తప్పు ఎక్కడుందో వెతికేది ఒక అమ్మాయి, ఆమెకు నేర్పేది పైక్లాసు అమ్మాయి, క్లబ్‌కు ప్రెసిడెంటు, బడ్జెట్ గురించి డీన్‌తో వాదించేది, పత్రికకు ఎడిటరు, అందరూ అమ్మాయిలే. పోస్టర్ వేసేదీ అమ్మాయే, కానీ ఇష్టమై వేస్తుంది. నాలుగేళ్లు ఇలా గడిపిన పిల్ల ఉద్యోగంలో చేరాక, ఎవరైనా తనను పక్కకు జరిపితే ఇది మామూలే అని సర్దుకోదు. నేను ఈ కాలేజీల వైపు మొగ్గడానికి ముఖ్యమైన కారణం ఇదే, దాచుకోను. అయితే ఇది దానంతట అది జరగదు. అక్కడ కూడా వెనక బెంచీలో కూర్చుని నాలుగేళ్లు దాటించేసే పిల్లలుంటారు. చొరవ తనదే.

ఇక అక్కడి ఇబ్బందులు. అండర్‌గ్రాడ్ పిల్లలు 1,400 చుట్టూ ఉంటారు, చాలా హైస్కూళ్ల కంటే తక్కువ. మొదటి ఏడాది అది హాయిగా ఉంటుంది. మూడో ఏడాదికి కొందరికి ఇరుకనిపిస్తుంది. స్నేహితురాలితో మాట పట్టింపు వస్తే తప్పించుకు తిరగడానికి చోటుండదు, భోజనాల దగ్గర ఆమే ఎదురవుతుంది. చదువు బరువు ఎక్కువ. చదివేది, రాసేది చాలా ఉంటుంది. మొదటి సెమిస్టర్‌లోనే ఎమిలీ బాల్చ్ సెమినార్ అని రాత నేర్పే చిన్న క్లాసు అందరూ తీసుకోవాలి. 1889లో ఆ కాలేజీ నుంచి బయటికొచ్చి 1946లో నోబెల్ శాంతి బహుమతి పొందిన ఆవిడ పేరు అది. పది పదిహేను మంది ఉండే గదిలో చదవకుండా వెళ్తే దొరికిపోతారు. మూడు వందల మంది ఉండే హాల్లో ఆ భయం లేదు. కొందరు పిల్లలకు ఆ పెద్ద హాలే బాగుంటుంది, వాళ్లను తప్పు పట్టనక్కర్లేదు.

మీరు ఉత్తరంలో రాయలేదు గానీ, బంధువులు ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇంకోటి ఉంది. ఈ కాలేజీల్లో అమ్మాయిలను ప్రేమించే అమ్మాయిలూ, ట్రాన్స్ విద్యార్థులూ మిగతాచోట్ల కంటే బాహాటంగా ఉంటారు. ట్రాన్స్ మహిళలను చేర్చుకుంటామని బ్రిన్ మార్ 2015లో ప్రకటించింది. ఆ కాలేజీకి వెళ్లడం వల్ల ఎవరూ మారిపోరు. మీ అమ్మాయి ఎవరో తనకు అక్కడ నిదానంగా తెలుసుకునే వీలుంటుంది. రేపు సెలవులకు ఇంటికి వచ్చి తన గురించో స్నేహితురాలి గురించో ఏదైనా చెప్తే, కోప్పడకుండా వినే తల్లి ఉందన్న ధైర్యం తనకు ఇప్పటినుంచే ఇవ్వండి. రట్గర్స్‌కు పంపినా ఇదే చెప్తాను.

ఇప్పుడు మీవారి ప్రశ్న. ఆ పేరు ఎడిసన్‌లో దీపావళి పార్టీకొచ్చే వాళ్లకు తెలియకపోవచ్చు. పైచదువులకు పిల్లలను ఎంచుకునే ప్రొఫెసర్లకు బాగా తెలుసు. ఆధునిక బీజగణితాన్ని మలుపు తిప్పిన ఎమ్మీ నోథర్‌ను 1933లో నాజీలు గోటింగెన్ నుంచి వెళ్లగొడితే ఆవిడకు చోటిచ్చిన కాలేజీ ఇది. చివరి రోజుల వరకూ అక్కడే పాఠాలు చెప్పింది. జపాన్‌లో ఆడపిల్లల చదువుకు పునాది వేసిన ఉమెకో త్సుదా ఇక్కడ చదివి వెళ్లి 1900లో టోక్యోలో కాలేజీ పెట్టింది, 2024 నుంచి 5,000 యెన్ల నోటు మీద ఆవిడ బొమ్మే ఉంది. హార్వర్డ్‌కు మొట్టమొదటి మహిళా ప్రెసిడెంట్ అయిన డ్రూ ఫౌస్ట్ 1968లో ఇక్కడే పట్టా తీసుకుంది.

లిబరల్ ఆర్ట్స్ అంటే లెక్కలూ సైన్సూ లేని చదువని మనవాళ్లు అనుకుంటారు. కంప్యూటర్ సైన్స్ మేజర్ అక్కడ పూర్తిగా ఉంది, దాంతోపాటు పరభాష, సాహిత్యం, చరిత్ర లాంటివి కూడా కొంత చదవాలి. ఏ మేజర్ చేసినా పట్టా మీద ఏబీ (మన బీఏ లాంటిదే) అనే ఉంటుంది. మీవారు దాన్ని చూసి కంగారు పడకూడదు. కంపెనీలు మేజర్ చూస్తాయి, ఇంటర్న్‌షిప్‌లు చూస్తాయి, ఇంటర్వ్యూలో కోడ్ రాయిస్తాయి. ఇంజనీరింగ్ మాస్టర్స్ కావాలంటే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంతో కలిసి ఐదేళ్లలో రెండు డిగ్రీలూ పూర్తి చేసే దారి కూడా ఉంది.

కొన్ని విషయాల్లో మాత్రం మీవారిదే రైటు. రట్గర్స్‌లో కంప్యూటర్ సైన్స్ కోర్సులు చాలా ఎక్కువ. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలూ ఎక్కువ. పరిశోధన ల్యాబులు పెద్దవి. భాషాశాస్త్ర విభాగానికి కూడా మంచి పేరుంది. మీ అమ్మాయి పొద్దస్తమానం ఆపరేటింగ్ సిస్టమ్స్, హార్డ్‌వేర్ అని కలవరించే పిల్ల అయితే రట్గర్స్‌కే పంపమనేదాన్ని. రెండు సబ్జెక్టుల మధ్య తిరుగుతున్న పిల్లకు, తన పేరు తెలిసిన ప్రొఫెసర్లు ఉండటం ఎక్కువ మేలు చేస్తుంది. రెండో సంవత్సరం చివర మేజర్ ఎంచుకునేటప్పుడు తనతో గంటసేపు కూర్చుని మాట్లాడేవాళ్లు ఉంటారు. సిఫార్సు ఉత్తరం అడిగితే, ఆ పిల్ల ఏం రాసిందో, ఎక్కడ తడబడిందో, ఎలా తేరుకుందో గుర్తున్నవాళ్లే రాస్తారు.

మీ ఇంట్లో బహుశా ఎవరూ గమనించని మూడో దారి ఒకటి చెప్తాను. రట్గర్స్‌లోనే డగ్లస్ ఉంది. 1918లో న్యూజెర్సీ కాలేజ్ ఫర్ విమెన్‌గా మొదలై, తర్వాత తొలి డీన్ మేబెల్ స్మిత్ డగ్లస్ పేరు పెట్టుకున్న కాలేజీ అది. 2007లో రట్గర్స్‌లోని కాలేజీలన్నీ ఒకటి చేసినప్పుడు డగ్లస్ రెసిడెన్షియల్ కాలేజీగా మిగిలింది. రట్గర్స్‌లో సీటు వచ్చిన అమ్మాయి అందులో చేరవచ్చు. క్లాసులన్నీ మామూలు రట్గర్స్ క్లాసులే. అమ్మాయిల హాస్టళ్లు, సలహాదారులు, నాయకత్వ కార్యక్రమాలు అదనం. సైన్సు, ఇంజనీరింగ్ చదివే అమ్మాయిల కోసం బంటింగ్-కాబ్ అని ప్రత్యేకంగా ఒక హాస్టల్ కూడా ఉంది. బ్రిన్ మార్‌కు ఇది సమానమని చెప్పను, ఎందుకంటే క్లాసులో మళ్లీ ఆ రోబోటిక్స్ క్లబ్ పరిస్థితే ఎదురు కావచ్చు. కానీ డబ్బు దగ్గర ఆగిపోతే ఇది చిన్న విషయం కాదు.

డబ్బు గురించి నా మాట కచ్చితంగా చెప్తాను. తేడా ఏడాదికి 10 వేలు, నాలుగేళ్లకు 40 వేలు, ఫీజులు ఏటా పెరుగుతాయి కాబట్టి ఇంకొంచెం ఎక్కువే. ఈ తేడాను మీ జీతాల్లోంచీ పొదుపులోంచీ భరించగలిగితే, మీ రిటైర్మెంట్ డబ్బు ముట్టుకోకుండా, బాబు కోసం దాచింది తియ్యకుండా కట్టగలిగితే, బ్రిన్ మార్‌కు పంపండి. పేరెంట్ ప్లస్ (తల్లిదండ్రులకు ప్రభుత్వమిచ్చే చదువు అప్పు) లాంటిది మీ పేరున తీసుకుంటే తప్ప కుదరదంటే పంపకండి, డగ్లస్‌లో చేర్చండి. అమ్మాయి పేరున వచ్చే ఫెడరల్ లోన్‌కు పరిమితి ఉంది, మొదటి ఏడాది 5,500 డాలర్లు, నాలుగేళ్లకు కలిపి 27 వేలు. అందులో కొంత తను తీసుకోవడం తప్పేమీ కాదు, ఉద్యోగం వచ్చాక తీర్చుకోగలదు. అంతకు మించిన భారం ఇద్దరిలో ఎవరి నెత్తినా పెట్టొద్దు.

కట్టేముందు ఎయిడ్ ఆఫీసుకు ఒక ఉత్తరం రాయండి. మొహమాటపడకండి, దీనికోసమే వాళ్లు అక్కడ ఉన్నారు. జీతం తగ్గిందా, మీ అత్తగారికి ఆసుపత్రి ఖర్చులున్నాయా, ఇండియాలో పెద్దవాళ్లకు ప్రతి నెలా డబ్బు పంపుతున్నారా, ఇవి మీ దరఖాస్తులో కనిపించి ఉండవు. కాగితాలు జతచేసి, మళ్లీ చూడమని అడగండి. మీ అమ్మాయి నాలుగో ఏడాదిలో ఉండగా బాబు కాలేజీలో చేరతాడు. ఆ ఏడాది ఎయిడ్ మారుతుందా అని కూడా ఇప్పుడే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

ఈ రెండు మూడు వారాల్లో అమ్మాయిని రెండు చోట్లకూ పంపండి. బెలూన్లు కట్టి స్వాగతం చెప్పే రోజున కాకుండా, మామూలు మంగళవారమో బుధవారమో వెళ్లాలి. బ్రిన్ మార్‌లో ఒక రాత్రి ఏ విద్యార్థిని గదిలోనైనా ఉండే ఏర్పాటు చెయ్యగలరేమో అడ్మిషన్ ఆఫీసును అడగమనండి. కంప్యూటర్ సైన్స్ క్లాసులో కూర్చోవాలి. మూడో ఏడాది పిల్లలను పట్టుకుని "కావాల్సిన క్లాసులో సీటు దొరకక ఏది వదులుకున్నావు?" అని అడగాలి. అక్కడ అస్సలు నచ్చనిది ఏమిటో కూడా అడగాలి. కెరీర్ ఆఫీసుకు వెళ్లి, గత మూడేళ్లలో కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లు ఎక్కడ చేరారో అడగమనండి. ఆ పని మీవారికి అప్పగిస్తే ఇంకా మంచిది, ఆయన సందేహానికి ఆయనే స్వయంగా జవాబు తెచ్చుకుంటారు. రట్గర్స్‌లో కూడా ఇలాగే. డగ్లస్ వైపు ఉంటే బుష్ అనే ఇంకో క్యాంపస్‌లోని క్లాసుకు బస్సులో వెళ్లాలి, ఆ బస్సు ఒకసారి ఎక్కి చూడాలి.

తిరిగొచ్చాక ఒక్క సాయంత్రం మీరేమీ చెప్పకుండా తననే మాట్లాడనివ్వండి. "పోస్టర్ పని" గురించి ఆ రోజు తను ఒక్క మాటతో సరిపెట్టింది కదా, ఆ రెండేళ్లలో ఏం జరిగిందో ఇప్పుడు పూర్తిగా అడగండి. మీ గుంటూరు మూడేళ్ల గురించి మీరూ చెప్పండి, గేటూ చీటీలతో సహా. మీ భయం ఎక్కడినుంచి వచ్చిందో తనకు తెలిస్తే, మీరు వద్దంటున్నారని మొండికెయ్యాల్సిన అవసరం ఉండదు.

డిపాజిట్ ఒక్కచోటే కట్టండి. మనవాళ్లలో కొందరు దేనికైనా మంచిదని రెండు చోట్లా కడుతుంటారు, అది పద్ధతి కాదు, కాలేజీలకు తెలిస్తే చిక్కు కూడా. ఒకటి ఖాయం చేసుకున్న రోజునే రెండోదానికి రాలేనని మీ అమ్మాయి చేత రాయించండి. వెయిట్‌లిస్టులో కూర్చుని ఎదురుచూస్తున్న ఇంకో పిల్లకు ఆ సీటు వెళ్తుంది.